కామిక్స్ ఒరిజినల్ పేజీని నేరుగా ఆర్టిస్టు దగ్గర కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కామిక్స్ పుస్తకం వేల కాపీలు అచ్చవుతుంది. ఆ కాపీలన్నిటికీ మూలమైన కాగితం మాత్రం ఒక్కటే ఉంటుంది. దాన్ని గీసిన మనిషినే అడిగి కొనుక్కునే వీలుందని చాలామంది పాఠకులకు తెలియదు. తెలిసినవాళ్లలో కూడా చాలామంది వేలంపాటల వార్తలు చదివి, ఇది కోటీశ్వరుల వ్యవహారమని వెనక్కి తగ్గుతారు. కొత్తగా కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే అక్కడే డబ్బూ మనసూ రెండూ నష్టపోయే అవకాశం ఉంది.

ఒరిజినల్ ఆర్ట్ అని దేన్ని అంటారు?

అచ్చు కోసం ఆర్టిస్టు చేత్తో గీసిన అసలు పేజీని. అమెరికా కామిక్స్‌లో ఇది సాధారణంగా బ్రిస్టల్ బోర్డు అనే మందపాటి కాగితం. వెడల్పు 11 అంగుళాలు, ఎత్తు 17 అంగుళాలు. అందులో బొమ్మ ఉండే భాగం సుమారు 10 అంగుళాలకు 15 అంగుళాలు. అచ్చు వేసేటప్పుడు దాన్ని కుదిస్తారు. అందుకే అసలు పేజీ మొదటిసారి చేతికి వచ్చినప్పుడు ‘ఇంత పెద్దదా!’ అనిపిస్తుంది. 1960ల చివరి దాకా అమెరికాలో ఇంతకన్నా పెద్ద కాగితాల మీద గీసేవారు. జపాన్ కామిక్స్ అయిన మాంగా గీసే ఆర్టిస్టులు బి4 సైజు కాగితం వాడతారు.

రంగుల పుస్తకమైనా అసలు పేజీ చాలాసార్లు నలుపు తెలుపులోనే ఉంటుంది. రంగులు మరొకరు, మరో దశలో వేస్తారు. పుస్తకంలో ఎర్రగా మండిపోయే ఆకాశం అసలు కాగితం మీద ఉత్త తెలుపుగా కనిపిస్తే కంగారుపడకండి. మాటల బుడగలు లేకపోయినా అంతే. 1990ల మధ్య దాకా సంభాషణలను పేజీ మీదే చేత్తో రాసేవారు, లేదా విడిగా రాసి అతికించేవారు. తర్వాత ఆ పని కంప్యూటర్‌కు మారింది. అందువల్ల ఈ రోజుల్లో గీసిన పేజీల్లో పాత్రలు నోరు తెరిచి ఉంటాయి, మాటలు కనిపించవు. నాకైతే మాటలున్న పాత పేజీలంటే ఎక్కువ ఇష్టం, గోడ మీదున్నా కథ చదువుకోవచ్చు. బొమ్మ నిండుగా కనిపించాలని మాటలు లేనివే కోరుకునేవాళ్లూ ఉన్నారు.

పేజీ మీద నీలం గీతలు, తెల్లరంగు పూతలు, అంచుల్లో చేతిరాతలు ఉన్నాయి. ఇవి లోపాలా?

కావు. పేజీ ఎలా తయారైందో చెప్పేవి అవే. ఇది బాగా అర్థం చేసుకోవలసిన విషయం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పేజీని కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా కొంచెం వంచి చూడండి. మొదట లేత నీలం పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. పాతకాలపు అచ్చు కెమెరాలు ఆ నీలాన్ని పట్టుకోలేవు. అందుకే ఆర్టిస్టులు కొలతలకూ తొలి రేఖలకూ ఆ రంగు వాడి, చెరపకుండా వదిలేసేవారు. వాటి మీద మామూలు పెన్సిల్ జాడలు, రబ్బరుతో తుడిచిన మసక. ఆ పైన నల్లని ఇంకు. కుంచెతో నింపిన పెద్ద నలుపులు పుస్తకంలో ఒకే గాఢతతో కనిపిస్తాయి; కాగితం మీద మాత్రం కుంచె ఎటునుంచి ఎటు కదిలిందో చారలు చారలుగా తెలుస్తుంది. ముఖం దగ్గర చిన్న తెల్లని పూత ఉంటే వేలితో తాకకుండా పక్కనుంచి చూడండి, కాగితం కంటే కొంచెం ఎత్తుగా ఉబ్బి ఉంటుంది. ఆ కన్ను మొదట మరోలా గీశారన్నమాట. అంచుల్లో సంచిక సంఖ్య, పేజీ సంఖ్య, సంపాదకుడికి రాసిన ఒక మాట, ‘ఇక్కడ వర్షం’ లాంటి సూచన కూడా ఉండవచ్చు.

వీటిని శుభ్రం చేసి పంపమని ఆర్టిస్టును ఎప్పుడూ అడగకండి. కాకపోతే ఏ జాడ ఎవరిదో అడిగి తెలుసుకోండి. ‘ఈ సవరణ మీరు చేసిందేనా, ప్రచురణకర్త ఆఫీసులో మరొకరు చేశారా?’ అని అడిగితే చాలామంది ఆర్టిస్టులు సంతోషంగా చెబుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది వాళ్లొక్కరే. పేజీ మరో రెండు చేతులు మారితే ఆ సమాచారం దొరకదు.

లోపాలంటే వేరు. నీటి మరక, మడత, పిన్ను రంధ్రాలు, ఊడిపోయిన అతుకు, రబ్బరు జిగురు వల్ల వచ్చిన గోధుమరంగు చాయ ఇవన్నీ అసలైన లోపాలు. పాత పేజీల్లో అతికించిన శీర్షిక ఊడిపోయి, దాని చోట గోధుమరంగు దీర్ఘచతురస్రం మిగలడం మామూలే. అలాంటివి ముందే చెప్పమని, ఫొటో పంపమని కోరండి.

పెన్సిల్ పని ఒకరిది, ఇంకు పని మరొకరిది. పేజీ ఎవరి దగ్గర ఉంటుంది?

ఇద్దరి దగ్గరా ఉండవచ్చు. ఒకే కాగితం మీద ఇద్దరూ పనిచేస్తే, పుస్తకం పూర్తయ్యాక పేజీలను పంచుకోవడం ఆనవాయితీ. పెన్సిల్ ఆర్టిస్టుకు ఎక్కువ పేజీలు, ఇంకర్‌కు తక్కువ వెళతాయి. మీకు కావలసిన పేజీ పెన్సిల్ ఆర్టిస్టు దగ్గర లేదంటే ఇంకర్‌ను అడిగి చూడండి. ఇంకర్లను కొనుగోలుదారులు పెద్దగా పట్టించుకోరు. అది అన్యాయమని నా అభిప్రాయం. చివరికి మీ కంటికి కనిపించే ప్రతి నల్లగీతా వాళ్ల చేతిదే కదా. ఏ సంచికకు ఎవరు పెన్సిల్ వేశారో, ఎవరు ఇంకు వేశారో తెలియకపోతే గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే సైటులో వెతకవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది, దీన్ని మాత్రం తప్పకుండా అడగాలి. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు, పెన్సిల్ పేజీని స్కాన్ చేసి పంపుతారు. ఇంకర్ దాన్ని లేత నీలం రంగులో కొత్త బోర్డు మీద ముద్రించుకొని, దాని మీద ఇంకు వేస్తారు. అప్పుడు ఒకే పేజీకి రెండు అసలు కాగితాలు ఉంటాయి. ఒకదాని మీద పెన్సిల్ మాత్రమే, రెండోదాని మీద ఇంకు మాత్రమే. ఇలా నీలం ముద్ర మీద ఇంకు వేసిన పేజీని బ్లూలైన్ అంటారు. రెండూ నిజమైనవే. కాకపోతే ఒకే కాగితం మీద ఇద్దరి పనీ ఉన్న పేజీకి ఉండే గిరాకీ, ధర వీటికి ఉండవు. అమ్మేవాళ్లు చెప్పకపోతే మీరే ‘పెన్సిల్ మీదే ఇంకు వేశారా, బ్లూలైన్ మీదా?’ అని సూటిగా అడగండి.

నాకిష్టమైన ఆర్టిస్టు కంప్యూటర్‌లోనే గీస్తారు. అప్పుడు?

అప్పుడు ఒరిజినల్ పేజీ అనేది లేదు. కొందరు పేజీ కూర్పు కంప్యూటర్‌లో చేసుకొని, దాన్ని కాగితం మీద ముద్రించి చేత్తో ఇంకు వేస్తారు, అది కొనవచ్చు. ఒకే ఒక్క ప్రతి తీసి సంతకం చేసి ఇచ్చే ప్రింట్లు కూడా అమ్ముతారు. నచ్చితే కొనండి, కానీ దాన్ని ప్రింటుగానే కొనండి, ఒరిజినల్ ధరకు కొనకండి. అలాంటి ఆర్టిస్టుల చేతిగీత కావాలంటే కమిషన్ ఇవ్వడమే, అంటే మీ కోసం ఒక బొమ్మ గీయించుకోవడమే మంచి దారి. దాని గురించి కింద రాశాను.

పేజీ మీద హక్కు ఆర్టిస్టుదేనా? ప్రచురణ సంస్థది కాదా?

ఒకప్పుడు ప్రచురణ సంస్థలు పేజీలు తమవేననేవి. అచ్చయ్యాక వాటిని గోదాముల్లో పడేసేవి, పంచిపెట్టేవి, కొన్నిచోట్ల పారేసేవి. అమెరికాలోని పెద్ద సంస్థలు 1970ల మధ్య నుంచి పేజీలను ఆర్టిస్టులకు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతకు ముందరి పేజీల కోసం పెద్ద పోరాటమే జరిగింది. మార్వెల్‌కు వేలాది పేజీలు గీసిన జాక్ కర్బీ తన పేజీల కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టగా, 1987లో సుమారు రెండు వేల పేజీలు మాత్రమే ఆయనకు తిరిగి వచ్చాయి. ఇవాళ ఒక ఆర్టిస్టు తన పేజీని తానే మీకు అమ్మగలుగుతున్నారంటే, ఆ తరం చేసిన గట్టి పట్టుదల ఉంది దాని వెనక. నేరుగా కొనడం నాకు అంత ముఖ్యమైన సంగతిగా కనిపించడానికి ఇదొక కారణం. మీరిచ్చే డబ్బు గీసిన చేతికే చేరుతుంది.

డీలర్లు, వేలం సంస్థలు ఉండగా నేరుగా ఆర్టిస్టు దగ్గరే కొనడం ఎందుకు?

పేజీ చరిత్ర సందేహం లేకుండా మీ నుంచి మొదలవుతుంది. గీసినవాళ్ల నుంచి మీకు వచ్చింది, మధ్యలో ఎవరూ లేరు. నకిలీ అన్న అనుమానం ఎన్నేళ్ల తర్వాత వచ్చినా, దానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. పైగా అమ్మకానికి పెట్టని పేజీలు సొరుగుల్లో ఎన్నో ఉంటాయి. అడిగినవాళ్లకే అవి బయటికి వస్తాయి.

అయితే నేరుగా కొంటే ఎప్పుడూ చౌక అనుకోకండి. తమ పనికి బజారులో ఎంత పలుకుతుందో చాలామంది ఆర్టిస్టులకు బాగా తెలుసు, తెలిసి ఉండాలి కూడా.

ఆర్టిస్టుకు మొదటిసారి ఏమని రాయాలి?

క్లుప్తంగా, స్పష్టంగా రాయాలి. ‘మీ అభిమానిని, మీ దగ్గర ఏమైనా ఉన్నాయా?’ అన్న సందేశానికి జవాబు ఇవ్వడం ఎవరికైనా కష్టమే. ఏ పుస్తకం, ఏ సంచిక, ఏ పేజీ, ఎంతలో అన్నది చెబితే వాళ్లు సొరుగు తెరిచి చూస్తారు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘నమస్కారం. మీరు గీసిన ఫలానా పుస్తకం నాలుగో సంచికలో, అక్కాచెల్లెళ్లు వంతెన మీద విడిపోయే పేజీ (17వ పేజీ) నాకు చాలా ఇష్టం. అది ఇంకా మీ దగ్గర ఉండి, అమ్మే ఉద్దేశం ఉంటే ధర ఎంతో చెప్పగలరా? అది లేకపోతే అదే సంచికలో మరే పేజీలు ఉన్నాయో తెలిపినా సంతోషమే. అమ్మే ఉద్దేశం లేకపోయినా పరవాలేదు, ఆ పేజీ గీసినందుకు ధన్యవాదాలు.’

ఇంతే చాలు. వారం రోజులు ఆగి జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయవచ్చు. గడువు మీద పనిచేసే మనుషులు వాళ్లు, నెల పట్టినా తప్పుగా తీసుకోకండి. రెండోసారి కూడా జవాబు లేకపోతే వదిలేయండి. బహిరంగంగా వాళ్ల పోస్టుల కింద ‘నా సందేశం చూశారా?’ అని రాయడం మర్యాద కాదు.

కామిక్స్ సమావేశాల్లో కలిసే అవకాశం ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఆర్టిస్టు బల్ల దగ్గర పెద్ద ఫోల్డర్ ఉంటుంది. చూడవచ్చా అని అడిగి, చేతులు తుడుచుకొని, నీళ్ల సీసా దూరంగా పెట్టి, పేజీలను కవర్లలోంచి తీయకుండా తిరగేయండి. ఈ చిన్న జాగ్రత్తను ఆర్టిస్టులు గమనిస్తారు.

‘నా ప్రతినిధి ద్వారానే అమ్ముతాను’ అన్నారు. ఏం చేయాలి?

ప్రతినిధితోనే మాట్లాడండి. అమ్మకాలన్నీ తమ ద్వారానే జరగాలని కొందరు ప్రతినిధులు ఆర్టిస్టులతో ఒప్పందం చేసుకుంటారు. దాన్ని దాటమని ఆర్టిస్టు మీద ఒత్తిడి తేవద్దు. ధరలో ప్రతినిధి వాటా కలిసి ఉంటుంది. బదులుగా ప్యాకింగ్, బిల్లు, వాయిదాలు సాధారణంగా పద్ధతిగా జరుగుతాయి.

ధర దేన్ని బట్టి ఉంటుంది?

ముఖచిత్రానికి అన్నిటికన్నా ఎక్కువ ధర. తర్వాత పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఉండే స్ప్లాష్ పేజీ. ఆ తర్వాత ప్యానెళ్ల (గళ్లుగా విడగొట్టిన బొమ్మల) పేజీలు. ప్యానెళ్ల పేజీల్లో కూడా ప్రధాన పాత్ర తన వేషంలో ఉందా, పోరాటం ఉందా, పేరున్న పాత్ర మొదటిసారి కనిపిస్తుందా అన్నదాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. ఇద్దరు మనుషులు గదిలో కూర్చొని మాట్లాడుకునే పేజీ చౌకగా వస్తుంది. కథ మలుపు తిరిగేది తరచుగా అలాంటి పేజీలోనే. కొత్తవాళ్లకు నేనిచ్చే సలహా అదే: మీరు చదివి కదిలిపోయిన పేజీని అడగండి. బజారు చిన్నచూపు చూసే చోట, మీకు నచ్చింది మీ చేతికి అందే ధరలో ఉంటుంది.

పెద్ద అంకెలు వార్తల్లోకి వస్తాయి. 2022 జనవరిలో హెరిటేజ్ అనే అమెరికా సంస్థ వేలంలో, 1984 నాటి మార్వెల్ సీక్రెట్ వార్స్ 8వ సంచికకు మైక్ జెక్ గీసిన ఒక్క పేజీ 33.6 లక్షల డాలర్లకు అమ్ముడైంది. స్పైడర్‌మ్యాన్ నల్లదుస్తులు ఎలా వచ్చాయో చూపిన పేజీ అది. ఆ ధర ఆ సన్నివేశానిది. ఆ అంకెను పట్టుకొని ఒక కొత్త ఆర్టిస్టు పేజీ ధరను ఊహించుకోవడంలో అర్థం లేదు. అదే ఆర్టిస్టు పేజీలు ఇంతకు ముందు ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. వేలం సంస్థలు పాత ఫలితాలను తమ సైట్లలో ఉంచుతాయి. కామిక్ ఆర్ట్ ఫ్యాన్స్ సైటులో సేకర్తలు తమ పేజీలను ప్రదర్శిస్తారు, అక్కడ ఏది ఎవరి దగ్గర ఉందో కూడా తెలుస్తుంది.

బేరం ఆడవచ్చా?

ఒక్కసారి, మర్యాదగా. రెండు మూడు పేజీలు కలిపి తీసుకుంటే తగ్గిస్తారా అని అడగడం అందరికీ సమ్మతమే. ‘ఇది రెండు గంటల పనే కదా’ అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. చేతికి ఆ రెండు గంటలు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో వాళ్లకు తెలుసు.

‘తీసుకుంటాను’ అని రాశారంటే అది మాట ఇచ్చినట్టే. ఈ రంగం చిన్నది, మాట తప్పినవాళ్ల పేరు త్వరగా పాకుతుంది. నిర్ణయించుకోవడానికి సమయం కావాలంటే ‘రేపు సాయంత్రం దాకా నా కోసం ఆపగలరా?’ అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

డబ్బు ఎలా చెల్లించాలి? వాయిదాలు కుదురుతాయా?

పేపాల్ వంటి సేవల్లో రెండు దారులుంటాయి: వస్తువుల కొనుగోలుకు ఒకటి, స్నేహితులకూ కుటుంబసభ్యులకూ పంపడానికి మరొకటి. రెండో దారిలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. పేజీ రాకపోయినా, నలిగి మరకలతో వచ్చినా అడిగే దిక్కుండదు. రుసుము తప్పుతుందని ఎవరైనా ఆ దారిలో పంపమంటే, ఆ రుసుమేదో మీరే భరిస్తామని చెప్పి మొదటి దారిలోనే పంపండి. ముఖపరిచయం లేని మనిషితో మొదటి లావాదేవీకి ఇదే పద్ధతి.

వాయిదాలు ఈ రంగంలో మామూలే, అడగడానికి మొహమాటపడకండి. మొత్తం ఎంత, ఎన్ని వాయిదాలు, ఏ తేదీల్లో, మధ్యలో ఆగిపోతే ఇచ్చిన డబ్బు సంగతేమిటి అన్న నాలుగూ ఒక సందేశంలో రాసుకోండి. పేజీ చివరి వాయిదా తర్వాతే వస్తుంది. ఒక వాయిదా ఆలస్యమయ్యేలా ఉంటే గడువుకు ముందే చెప్పండి; తర్వాత చెప్పే కారణం ఎంత నిజమైనదైనా సాకులాగే వినిపిస్తుంది.

ఎదుటి మనిషి నిజంగా ఆ ఆర్టిస్టేనని ఎలా నమ్మాలి?

ఆర్టిస్టుల పేర్లతో నకిలీ ఖాతాలు నడిపేవాళ్లు ఉన్నారు. మీరు వెతికి కనుక్కున్న ఖాతాను నమ్మకండి; ప్రచురితమైన పుస్తకంలోనో, ఆర్టిస్టు సొంత సైటులోనో ఇచ్చిన చిరునామా నుంచి బయలుదేరండి. వాళ్లే ముందుగా మీకు సందేశం పంపి, తొందరపెట్టి, సగం ధరకు ఇస్తామంటే అక్కడితో ఆపేయండి.

పేజీ ఫొటోలు మూడు అడగండి. నేరుగా తీసినది, వెనకవైపు తీసినది, వెలుతురు పక్కనుంచి పడేలా వంచి తీసినది. అచ్చయిన పేజీని చూసి దిద్దిన నకిలీలో గీత తడబడుతూ ఉంటుంది, కింద వెతుకులాట పెన్సిల్ ఉండదు, తెల్లరంగు సవరణ ఉండదు. తప్పు దిద్దుకున్న ఆనవాళ్లు ఒక్కటి కూడా లేని పేజీని చూస్తే నాకు అనుమానం వస్తుంది. కొందరు ఆర్టిస్టులు నిజంగానే అంత శుభ్రంగా గీస్తారు కాబట్టి, అదే ఆర్టిస్టువి మరికొన్ని పేజీలు చూసి పోల్చుకోవడం మంచిది.

కమిషన్ అంటే ఏమిటి? ఎలా మాట్లాడుకోవాలి?

మీరు కోరిన బొమ్మను మీ కోసమే గీయించుకోవడం. ప్రచురితమైన పేజీ కాదు కాబట్టి దాని లెక్క వేరు. గొడవలన్నీ ముందే మాట్లాడుకోకపోవడం వల్లే వస్తాయి. తల వరకా, నడుము వరకా, నిలువెత్తు బొమ్మా? ఎన్ని పాత్రలు? నేపథ్యం ఉంటుందా? పెన్సిల్‌తోనా, ఇంకుతోనా, రంగులతోనా? కాగితం సైజు ఎంత? ముందుగా చిన్న నమూనా చూపిస్తారా, అందులో ఎన్ని మార్పులు అడగవచ్చు? ఎప్పటికి పూర్తవుతుంది? ముందు ఎంత ఇవ్వాలి? ఇవన్నీ రాతలో ఉండాలి. సగం ముందు, సగం పూర్తయ్యాక అన్నది ఇద్దరికీ న్యాయమైన పద్ధతి.

పాత్ర వేషం ఫొటోలు రెండో మూడో పంపండి, చాలు. ముప్పై ఫొటోలు, పది వాక్యాల వర్ణన పంపితే ఆర్టిస్టు చేతులు కట్టేసినట్టే. ‘ఈ పాత్ర, రాత్రిపూట, అలసిపోయి’ అని వదిలేసిన కమిషన్లు ఎంత బాగా వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది.

చెప్పిన గడువు దాటిపోవడం ఈ రంగంలో సర్వసాధారణం. రెండు నెలలకోసారి ‘ఎలా సాగుతోంది?’ అని అడగడం మీ హక్కు. ఏడాది దాటినా జవాబే లేకపోతే ముందిచ్చిన డబ్బు వెనక్కి అడగడం కూడా తప్పు కాదు. అందుకే మొత్తం డబ్బు ముందే ఇవ్వవద్దంటాను.

ఆర్టిస్టు తన పాత ముఖచిత్రాన్నే మళ్లీ గీసి ఇస్తే దాన్ని రీక్రియేషన్ అంటారు. అందమైన వస్తువే, కానీ అచ్చుకు వెళ్లింది అది కాదు. కాగితం వెనక ‘రీక్రియేషన్’ అనీ, గీసిన సంవత్సరమూ తప్పకుండా రాయించండి. మీ తర్వాత దాన్ని కొనేవాళ్లు మోసపోకుండా ఉంటారు.

సంతకం చేయించుకోవాలా? ఇంకేం రాయించుకోవాలి?

సంతకం సంతోషం కోసం. దాన్ని ప్యానెళ్ల బయట అంచులో చేయమనండి. మీ పేరుతో అంకితం రాయించుకుంటే తర్వాత అమ్మేటప్పుడు కొందరు వెనకాడతారు. ఎప్పటికీ అమ్మనని నిశ్చయించుకుంటే హాయిగా రాయించుకోండి.

అసలు కావలసింది ఒక చిన్న ఉత్తరం. పుస్తకం పేరు, సంచిక, పేజీ, పెన్సిల్ ఎవరు, ఇంకు ఎవరు, ఒకే బోర్డు మీదా లేక బ్లూలైనా, ఎవరికి ఏ తేదీన అమ్మారు. అయిదారు వాక్యాలు, కింద సంతకం. దాన్ని పేజీకి అతికించకండి, పక్కనే వేరే కవరులో ఉంచండి. మీరు పంపుకున్న సందేశాలనూ చెల్లింపు రసీదునూ అచ్చు తీసి అదే కవరులో పెట్టండి. పేజీతోపాటు ఈ కవరు కూడా చేతులు మారాలి.

పేజీ కొన్నాను కాబట్టి ప్రింట్లు వేసి అమ్మవచ్చా?

అమ్మకూడదు. మీరు కొన్నది కాగితం. ఆ బొమ్మ మీద కాపీరైట్ మీకు రాదు. అమెరికా 1976 కాపీరైట్ చట్టం 202వ సెక్షన్ ఈ రెండూ వేర్వేరని స్పష్టంగా చెబుతుంది, మిగతా దేశాల్లో కూడా సూత్రం ఇంచుమించు ఇదే. ఇంట్లో గోడకు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. టీషర్టులు, పోస్టర్లు, పుస్తకం అట్ట వంటివి కుదరవు. మరోవైపు, పుస్తకాన్ని పునర్ముద్రించేటప్పుడు మంచి స్కాన్ కావాలని ఆర్టిస్టు అడిగితే సాయం చేయండి.

పార్సిల్ ఎలా పంపమని చెప్పాలి?

చదునుగా. బ్రిస్టల్ బోర్డును గొట్టంలో చుట్టి పంపకూడదు. చుడితే ఇంకు పగులుతుంది, అతికించినవి ఊడతాయి. ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టి తడి తగలకుండా మూసేయాలి. ఆపైన రెండు గట్టి అట్టల మధ్య ఉంచాలి. ముడతల అట్ట వాడితే ఒకదాని గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా ఉండేలా పెడితే ఏ వైపు నుంచీ వంగదు. అట్టలు పేజీ కంటే ప్రతి వైపూ రెండు అంగుళాలు పెద్దవిగా ఉండాలి, మూలలు దెబ్బతినకుండా. టేపు పేజీకి ఎక్కడా తగలకూడదు. ట్రాకింగ్, పూర్తి విలువకు బీమా, అందుకునేటప్పుడు సంతకం ఉండేలా చూడమనండి. ఖర్చు మీరే భరించండి. పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయండి, బీమా అడగవలసి వస్తే పనికొస్తుంది.

వేరే దేశం నుంచి వస్తే?

చేత్తో గీసిన చిత్రాలకు అంతర్జాతీయ కస్టమ్స్ వర్గీకరణలో 9701 అనే శీర్షిక ఉంది. ఆ సంఖ్యనూ ‘చేత్తో గీసిన అసలు చిత్రం’ అన్న వివరాన్నీ పత్రంలో రాయమనండి. ‘కామిక్ బుక్’ అని రాస్తే పుస్తకంగా, ‘పోస్టర్’ అని రాస్తే ముద్రిత వస్తువుగా లెక్కవేసి చిక్కులు తెస్తారు. పన్ను ఎంత అనేది దేశాన్ని బట్టి మారుతుంది, కొనేముందే చూసుకోండి. విలువ తగ్గించి రాయమని ఆర్టిస్టును అడగవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా పార్సిల్ పోతే బీమా కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

ఇంట్లో ఎలా ఉంచాలి?

ఎండ తగలని చోట. కార్బన్ ఉన్న నల్ల ఇంకు గట్టిది, దశాబ్దాలు నిలుస్తుంది. మార్కర్లతో వేసిన రంగులు మాత్రం వెలుతురుకు వెలిసిపోతాయి, పెద్ద నలుపులను మార్కర్‌తో నింపినా అంతే. అవి కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకో ఊదారంగుకో తిరుగుతాయి. ఏం వాడారో ఆర్టిస్టును ముందే అడిగి ఆ ఉత్తరంలో రాయించుకుంటే, ఆ పేజీని గోడకు పెట్టాలా ఫోల్డర్‌లో దాచాలా అన్నది తేలిపోతుంది. సున్నితమైన కాగితపు చిత్రాలను మ్యూజియంలు 50 లక్స్ వంటి మసక వెలుతురులో ఉంచేది ఇందుకే.

ఫ్రేము కట్టిస్తే ఆమ్లం లేని మౌంటు అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు అడగండి. గాజు కాగితాన్ని తాకకూడదు. పేజీని వెనక అట్టకు జిగురుతో అతికించే దుకాణానికి ఇవ్వకండి. లామినేషన్ మాట ఎత్తనే వద్దు. ఫోల్డర్‌లో ఉంచేటట్లయితే పాలియెస్టర్ కవర్లు వాడండి, పీవీసీ వాసన వచ్చే కవర్లు వద్దు. తేమ ఎక్కువగా ఉండే గది, బయటి గోడ, వంటింటి పక్క గోడ మంచివి కావు.

కొన్నాళ్ల తర్వాత అమ్మేస్తే ఆర్టిస్టు బాధపడతారా?

అమ్మే హక్కు మీది. బహుమతిగానో, స్నేహం కొద్దీ చాలా తక్కువ ధరకో ఇచ్చిన పేజీని నెల తిరక్కుండా లాభానికి అమ్మితే మాత్రం ఎవరికైనా నొప్పే. అలాంటప్పుడు ముందుగా ఆర్టిస్టుకే చెప్పండి. తిరిగి కొనుక్కోవాలని వాళ్లకు ఉండవచ్చు. సొంత పేజీలను ఏళ్ల తర్వాత వెతుక్కుంటున్న ఆర్టిస్టులు ఉన్నారు.

కొన్ని దేశాల్లో చట్టం కూడా ఉంది. డీలరు లేదా వేలం ద్వారా కళాఖండం మళ్లీ అమ్ముడైనప్పుడు ధరలో కొంత శాతం కళాకారుడికి వెళ్లాలన్న నియమం 1920లో ఫ్రాన్స్‌లో మొదలైంది. 2001లో ఐరోపా సమాఖ్య దాన్ని తన సభ్యదేశాలన్నిటికీ వర్తించేలా ఆదేశం ఇచ్చింది. మీరు వేలం సంస్థ ద్వారా అమ్ముతుంటే ఆ మొత్తం ఎవరు కట్టాలో ఒప్పందంలో చూసుకోండి. అమ్మేటప్పుడు ఆర్టిస్టు రాసిచ్చిన ఉత్తరం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకొని, అసలుది పేజీతో పంపండి.